ధ్యానంలో ఒంటి బాధలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి పాలమూరు, వనపర్తి దాకా ధ్యానం చేసేవాళ్ళకు ఇప్పుడు కొదవ లేదు. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన (ఒంట్లో కలిగే స్పర్శలను గమనించే బౌద్ధ ధ్యానం) కేంద్రం ఉంది. కడ్తాల్ పిరమిడ్, చేగూరు దగ్గరి కన్హా శాంతివనం అనే ధ్యాన కేంద్రాలు రెండూ పాత మహబూబ్‌నగర్ జిల్లా నేలమీదివే. నేర్చుకోవడానికి చోట్లున్నాయి, నేర్పేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇంటికొచ్చాక కాలు మొద్దుబారితే, తల బరువెక్కితే, గుండె దడదడలాడితే ఎవరినడగాలో తెలియక చాలామంది లోలోపలే కుమిలిపోతున్నారు. కొందరు ఇదేదో గొప్ప అనుభవమనుకొని బాధను ఓర్చుకుంటూ పోతున్నారు. ఆ రెండూ వద్దు. ఒంటికి బాధ వచ్చిందంటే ముందు దాన్ని ఒంటి బాధగానే చూడాలి. మామూలు కారణాలన్నీ వెతికిన తర్వాతే మిగతా పేర్లు.

పావుగంట దాటితే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కదలకుండా ఓర్చుకోవాలా?

తిమ్మిరి రావడం ప్రమాదం కాదు. కాలు మీద కాలు పడినప్పుడు నరం మీద ఒత్తిడి పెరిగి కబురు సరిగా అందదు. ఒత్తిడి తీస్తే రెండు మూడు నిమిషాల్లో చీమలు పాకినట్టయి సర్దుకుంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఒక చోట. మోకాలి బయటి వైపు, కొంచెం కిందుగా వేలితో తడిమి చూడండి. చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం సరిగ్గా ఆ గుబ్బను చుట్టుకొని, చర్మానికి దగ్గరగా పోతుంది. గట్టి నేల మీదో, రెండో కాలి మడమ మీదో ఆ చోటు గంటలకొద్దీ నలిగితే పాదం వేలాడిపోయే ప్రమాదం ఉంది. లేచాక మడమల మీద నాలుగడుగులు వేసి చూడండి. పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా, తిమ్మిరి గంటలు గడిచినా పోకపోయినా డాక్టరుకు చూపించాలి. అప్పటిదాకా ఆ ఆసనంలో కూర్చోవద్దు.

ఇంకో మాట. తిమ్మిరెక్కిన కాలితో గబుక్కున లేవకండి. పెద్దవాళ్ళు తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే. కాళ్ళు చాపి, పిక్కలు నెమ్మదిగా పిసికి, స్పర్శ పూర్తిగా తెలిశాక గోడ పట్టుకొని లేవాలి.

విపశ్యన శిబిరంలో నాలుగో రోజు తర్వాత రోజుకు మూడుసార్లు గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. నొప్పిని అటూ ఇటూ పోకుండా గమనించడం అక్కడి సాధన. అది నొప్పి సంగతి. పాదం కదలకపోవడం, మోకాలి లోపల కత్తితో కోసినట్టుండటం వేరే సంగతి. అవి వస్తే కదలండి. ఆచార్యులకు చెప్పండి. అడిగితే వెనక వరుసలో కుర్చీ ఇస్తారు.

మోకాలి నొప్పి ఎందుకొస్తుంది? రోజూ పొలంలో వంగి పనిచేసేదాన్ని, కూర్చుంటేనే నొప్పి ఏంటి?

మోకాలు ముందుకూ వెనక్కూ మడిచేందుకు ఉన్న కీలు. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి. తుంటి బిగుసుకొని తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడి లోపలి మృదులాస్థి నలుగుతుంది. నాట్లు వేసే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో నడుమూ మోకాళ్ళూ ముందే అలిసి ఉంటాయి. ఆ రోజుల్లో పద్మాసనం జోలికి పోవద్దు.

బొంతను నాలుగు మడతలు పెట్టి, దాని అంచు మీద కూర్చొని చూడండి. మోకాళ్ళు తుంటి కంటే కిందికి దిగాలి. దిగకపోతే ఇంకో మడత పెట్టండి. మోకాళ్ళు పైకి లేచి ఉంటే నడుము వెనక్కి వాలుతుంది, వీపు గూనిలా వంగుతుంది, అరగంటకు నడుం నొప్పి మొదలవుతుంది. సగం మందికి ఈ ఒక్క మార్పుతోనే నొప్పి తగ్గడం చూశాను. మోకాలికీ నేలకూ మధ్య ఖాళీ ఉంటే అక్కడో తువ్వాల చుట్టి పెట్టండి.

మర్రిగూడ దిక్కు మాది. చిన్నప్పటినుంచి ఫ్లోరైడ్ నీళ్ళే తాగినం. మెడ, నడుము సరిగా వంగవు. మేం ధ్యానం చేయొచ్చా?

తప్పకుండా చేయొచ్చు. నేల మీద కూర్చొని మాత్రం కాదు.

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా చెప్పాలి. వేరే ఊళ్ళలో రాసిన ధ్యాన పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుంటుంది, కీళ్ళ దగ్గరి కండర బంధాలు గట్టిపడతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. కానీ అంతకుముందే గట్టిపడిన ఎముక మళ్ళీ మెత్తబడదు. అది ధ్యానంతోనో ఆసనాలతోనో సాగేది కాదు. బలవంతంగా సాగదీస్తే విరుగుతుంది.

మీకా సమస్య ఉందో లేదో ఇంట్లోనే మూడు పనులు చేసి చూసుకోవచ్చు. మోకాళ్ళు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ళ తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనక్కి తాకించగలరా? వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా నేల మీద ఆసనం వద్దు. వీపు ఆనించే కుర్చీలో, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోండి. పాదాలు అందకపోతే కింద పీట వేయండి. అలా కూర్చున్నా నొప్పిగా ఉంటే మంచం మీద వెల్లకిలా పడుకొని చేయండి. మెడ వెనక్కి ఆనకపోతే తలగడ ఎత్తు పెంచండి.

తిమ్మిరి కాళ్ళతో పాటు చేతులకూ పాకుతుంటే, నడక తడబడుతుంటే, మూత్రం మీద పట్టు తప్పుతుంటే వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. అది ఆసనం వల్ల వచ్చిందనుకొని వదిలేయకండి. నల్లగొండ సర్కారు దవాఖానలోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో చూపించండి.

కుర్చీలో కూర్చుంటే ఫలితం తగ్గుతుందంటారు కదా?

తగ్గదు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనానికి పెట్టిన నియమం రెండే మాటలు: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. నేల అనీ, కాళ్ళు మడవాలనీ ఆ సూత్రంలో లేదు.

పిరమిడ్ ధ్యానంలో వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోమంటారు. అంటే డెబ్భై ఏళ్ళ పెద్దాయన డెబ్భై నిమిషాలు కూర్చోవాలి. అదే నేల మీదైతే ఆయన కాళ్ళు ఏమవుతాయో ఆలోచించండి. పెద్దలకు కుర్చీయే మేలు. మధ్యలో లేచి నాలుగడుగులు వేసినా తప్పులేదు.

కనుబొమల మధ్య బిగుసుకుపోయి తలనొప్పి వస్తోంది. అక్కడ ఉంటుందనే ఆజ్ఞాచక్రం తెరుచుకుంటోందా?

ముందు మీ కళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకోండి. కనుబొమల మధ్య మనసు పెట్టమనగానే మూసిన రెప్పల కింద కనుగుడ్లు పైకీ లోపలికీ తిరుగుతాయి, నుదురు ముడిపడుతుంది, పళ్ళు బిగుస్తాయి. ఆ కండరాలు అరగంట పట్టి ఉంటే బరువూ బిగుతూ రావడంలో వింత లేదు.

దవడ వదులు చేయండి. నాలుక కింది పళ్ళ వెనక మెత్తగా ఉంచండి. కళ్ళు సగం తెరిచి రెండు గజాల దూరంలో నేల చూడండి. దృష్టిని పొట్ట మీదికో అరికాళ్ళ మీదికో దింపండి. పద్దెనిమిదో శతాబ్దంలో జపానులో పేరుపొందిన జెన్ గురువు హకుయిన్‌కు యువకుడిగా ఉన్నప్పుడు సాధన అతిగా చేసి తల వేడెక్కి, పాదాలు చల్లబడి, చెవుల్లో హోరు పుట్టిందట. దృష్టిని తల నుంచి పొట్టకూ కాళ్ళకూ దింపి కోలుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు.

ఇది వారం చేసినా తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి అద్దాల పవర్, ఆ తర్వాత బీపీ చూపించుకోండి. ఎన్నడూ రానంత తలనొప్పి పిడుగు పడ్డట్టు వస్తే, మూతి వంకరపోతే, మాట తడబడితే, ఒక చెయ్యి పట్టు తప్పితే వెంటనే 108. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు.

శిబిరంలో రెండో రోజే తల పగిలిపోయింది. ఇంటికొస్తే తగ్గింది.

ఇంట్లో రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారు? రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు తలనొప్పి మొదలవుతుంది. రెండో రోజు ఎక్కువగా ఉంటుంది, కొందరికి వారం దాకా సాగుతుంది. శిబిరానికి పోయే ముందు పది రోజుల్లో కప్పు తర్వాత కప్పు తగ్గించుకుంటూ రండి. నీళ్ళు తక్కువ తాగడం, నాలుగింటికి లేవడం కూడా తోడవుతాయి.

కూర్చోగానే ఒళ్ళు ఊగుతుంది, మెడ ఒక్కసారిగా కుదుపుతుంది. వెన్ను అడుగున నిద్రించే శక్తి, కుండలిని, లేచిందని మా వాళ్ళంటున్నారు.

నిద్రలోకి జారేటప్పుడు కాలు ఎగిరిపడటం అందరికీ తెలుసు. ఒళ్ళు వదులై, మెలకువ ఇంకా ఉన్న స్థితిలో ఇలాంటి కుదుపులు వస్తాయి. తల నిలబెట్టే కండరాలు అలిసిపోయినా వస్తాయి. నిద్ర చాలకపోతే ఎక్కువవుతాయి. గుంపులో ఒకరు ఊగితే పక్కవాళ్ళూ ఊగుతారు.

యోగసూత్రాల్లోనే ఒళ్ళు వణకడం గురించి ఉంది, మొదటి పాదం 31వ సూత్రంలో. అక్కడ దాన్ని లెక్కపెట్టింది చిత్తం చెదిరినప్పుడు తోడుగా వచ్చే వాటిలో. దుఃఖం, దిగులు, అస్తవ్యస్తమైన శ్వాస పక్కన. సాధన ముదిరిందనడానికి గుర్తుగా కాదు. కాబట్టి కుదుపును పెంచి పోషించవద్దు, భయపడనూ వద్దు. కళ్ళు తెరిచి, భంగిమ మార్చి, అరచేతులు తొడల మీద గట్టిగా ఆనించండి. కళ్ళు తెరిస్తే ఆగిపోతోందా, జరిగినదంతా గుర్తుందా? అయితే చాలావరకు ప్రమాదం లేనట్టే.

తెలివి తప్పినా, నాలుక కొరుక్కున్నా, బట్టల్లో మూత్రం పోయినా అది ఫిట్స్ కావచ్చు. నరాల డాక్టరుకు చూపించాలి. ఇప్పటికే ఫిట్స్‌కు మందులు వాడేవాళ్ళు ఒక్క పూట కూడా మానకూడదు. నిద్ర మానుకొని తెల్లవార్లూ చేసే ధ్యానాలు వాళ్ళకు అసలు వద్దు.

ఒళ్ళంతా వేడి, మంట. చలవ చేసేవి తాగినా తగ్గట్లేదు.

మనసు నెమ్మదిస్తే చర్మంలోని చిన్న రక్తనాళాలు వదులై చేతులూ పాదాలూ వెచ్చబడతాయి. అది మామూలే. దృష్టంతా ఒకే చోట నిలిపితే అక్కడి చిన్న వెచ్చదనమే మంటలా తోస్తుంది. ఇవి కాక మన ఎండలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44, 45 డిగ్రీలు ఎక్కుతుంది. కరెంటు పోయిన రేకుల గదిలో మధ్యాహ్నం తలుపులు వేసుకొని కూర్చుంటే వేడి చేయక ఏమవుతుంది? ఎండాకాలం తెల్లవారుజామునే ఆరుబయట కూర్చోండి. ముందు రెండు గ్లాసుల నీళ్ళు, తర్వాత ఉప్పేసిన సల్ల తాగండి. భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా ఊపిరి తీసే పద్ధతులు ఆ రోజుల్లో ఆపండి. బీపీ, గుండె జబ్బు, ఫిట్స్, హెర్నియా ఉన్నవాళ్ళూ గర్భిణులూ ఏ కాలంలోనూ అవి చేయకూడదు.

వేడితో పాటు బరువు తగ్గడం, చేతులు వణకడం, గుండె వేగం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకు ముట్లు ఆగే వయసులోనూ ఇలా వేడి ఆవిర్లు వస్తాయి. ఈ రెండింటికీ ధ్యానంతో పని లేదు.

శ్వాస మీద ధ్యాస పెడితే ఊపిరి అందనట్టుంది, గుండె దడ, టెన్షన్ ఎక్కువవుతోంది. ప్రశాంతత కోసమే కదా మొదలుపెట్టింది!

మీ ఒక్కరికే కాదు, చాలామందికి ఇలాగే ఉంటుంది. శ్వాసను గమనించమంటే మనం తెలియకుండానే దాన్ని నడపడం మొదలుపెడతాం. పెద్దగా, గబగబా పీలుస్తాం. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో చిమచిమలాడుతుంది, తల తేలిపోతుంది. ఇంకా గాలి కావాలనిపించి ఇంకా పీలుస్తాం.

శ్వాసను పూర్తిగా వదిలేయండి. అరికాళ్ళకు నేల ఎలా తగులుతోందో, బయట ఏ చప్పుళ్ళున్నాయో వాటి మీద ధ్యాస పెట్టండి. కళ్ళు తెరిచే ఉంచండి. దడ తగ్గకపోతే లేచి వాకిట్లో నెమ్మదిగా నడవండి. నడకా ధ్యానమే. బౌద్ధ సాధనలో దానికి కూర్చోవడంతో సమానమైన చోటుంది.

దడ ధ్యానం లేనప్పుడూ వస్తుంటే ఈసీజీ తీయించండి. రక్తం తక్కువున్నా దడ వస్తుంది, ఆడవాళ్ళు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. ఛాతీ నొక్కేసినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే ధ్యానం వల్ల అనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు.

లేవగానే చక్కర్ వస్తోంది.

చాలాసేపు కదలక కూర్చుంటే రక్తం కాళ్ళలో నిలుస్తుంది. ఒక్కసారిగా లేస్తే తలకు అందదు. పిడికిళ్ళు బిగించి వదలండి, పాదాలు పైకీ కిందికీ ఆడించండి, నిమిషం ఆగి లేవండి. బీపీ మాత్రలు వాడేవాళ్ళకు ఇది తరచూ వస్తుంటే డోసు చూడమని డాక్టరును అడగండి. మీ అంతట మీరు తగ్గించుకోకండి.

త్రేన్పులు, ఆవలింతలు, కన్నీళ్ళు, నోట్లో నీళ్ళు ఊరడం?

వీటితో భయం లేదు. తిన్న రెండు గంటల తర్వాత కూర్చుంటే త్రేన్పులు తగ్గుతాయి. లాలాజలం మింగేయండి. ఏడుపు వస్తే రానివ్వండి.

చెవుల్లో గుయ్యిమని హోరు వినిపిస్తోంది. ధ్యానంలో లోపలినుంచి వినిపిస్తుందనే అనాహత నాదమా ఇది?

చాలామందికి చెవుల్లో సన్నని హోరు ఎప్పుడూ ఉంటుంది, నిశ్శబ్దంలో బయటపడుతుంది. రెండు చెవుల్లోనూ ఉండి వినికిడి బాగుంటే వదిలేయండి. ఒకే చెవిలో ఉన్నా, వినికిడి ఉన్నట్టుండి తగ్గినా ఆ రోజే చెవి డాక్టరును కలవాలి. ఆలస్యమైతే పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు.

షుగర్ ఉంది. సాగర్‌లో పది రోజుల విపశ్యన శిబిరానికి పోవచ్చా?

డాక్టరుతో మాట్లాడి, దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసి పోవచ్చు. ఉన్న జబ్బులూ వాడే మందులూ ఆ ఫారంలో అడుగుతారు. దాచడం వల్ల మీకే నష్టం. అక్కడ పొద్దున్న ఆరున్నరకు టిఫిన్, పదకొండుకు భోజనం, సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్ళకు పండ్లూ చాయ్. రాత్రి భోజనం ఉండదు. గ్లిమెపిరైడ్ రకం మాత్రలో ఇన్సులినో రాత్రిపూట వేసుకొని తినకుండా పడుకుంటే షుగర్ పడిపోతుంది. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి, మసకబారిన చూపు వస్తే దాన్ని ధ్యానానుభవంగా గమనిస్తూ కూర్చోకండి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ పరీక్ష చేసుకోండి. 70 కంటే తక్కువుంటే మళ్ళీ తాగాలి. గ్లూకోమీటరు వెంట ఉండాలి.

షుగర్ పాతదైతే పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. చీలమండ నేలకు ఒరుసుకొని పుండయినా తెలియదు. రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోండి.

రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ధ్యానం చేస్తే నిద్ర అవసరం లేదంటారు?

నిద్ర అవసరమే. సాయంత్రం సాధన పొద్దు గూకకముందే ముగించి, సమయం సగానికి తగ్గించండి. నిద్రలేమి మూడు నాలుగు రోజులు వరసగా సాగితే సాధన పూర్తిగా ఆపాలి.

రెండు మూడు గంటలే పడుకొని అలుపు లేకపోవడం, గడగడా మాట్లాడటం, అన్నీ తెలిసిపోయినట్టనిపించడం, లేని మాటలు వినిపించడం జరిగితే ఇంట్లోవాళ్ళు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

"కర్మలు కరుగుతున్నాయి, మందులు మానేయండి" అన్నారు. మానేయనా?

మానేయకండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్, మనసుకు సంబంధించిన మందులు ఏవైనా సరే. ఆ మాట ఎంత ప్రేమగా చెప్పినా, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా వినవద్దు. మందు వేసుకొని కూర్చోవడంలో ఏ లోపమూ లేదు.

ఇవి నిజంగా ధ్యానం వల్లే వస్తాయా? ఎవరైనా పరిశీలించారా?

పరిశీలించారు. 2017లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బౌద్ధ సాధన చేసే 60 మందితో మాట్లాడి, కష్టపెట్టిన అనుభవాలను 59 రకాలుగా విడదీశారు. నొప్పి, ఒత్తిడి, కుదుపులు, వేడి, నిద్ర మార్పులు అందులో ఉన్నాయి. 2020లో 83 అధ్యయనాలను కలిపి చూసిన మరో పరిశీలనలో సాధకుల్లో వందకు సుమారు 8 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టు తేలింది. ఎక్కువగా కనిపించినవి ఆందోళన, దిగులు. అంటే ఇవి మీ భక్తిలోనో పట్టుదలలోనో లోటు వల్ల వచ్చినవి కావు. మిమ్మల్ని అలా ఎవరైనా నిందిస్తే నమ్మకండి.

ఆపేశాను. మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలి?

లక్షణం పూర్తిగా పోయి, నిద్రా తిండీ మామూలుగా ఉన్న తర్వాతే. మొదటి వారం పది నిమిషాలు, కుర్చీలో, కళ్ళు సగం తెరిచి, ధ్యాస అరికాళ్ళ మీద. బాగుంటే వారానికి ఐదు నిమిషాలు పెంచండి. పాత లక్షణం తలెత్తితే ఆ రోజుకు నడకతో సరిపెట్టి, మర్నాడు మళ్ళీ పది నిమిషాలకు రండి. ఇంతకుముందు ఏ పద్ధతిలో ఇబ్బంది వచ్చిందో అదే పద్ధతికి తిరిగి పోవాలన్న నియమం లేదు. కొందరికి శ్వాస పడదు, జపం పడుతుంది. కొందరికి కూర్చోవడమే పడదు, పొద్దున్నే చెరువుకట్ట మీద మాటలు లేకుండా నడవడం పడుతుంది. మొదటి నెల రోజులూ ఇంట్లో ఒకరికి విషయం చెప్పి చేయండి. నిద్రలోనో తిండిలోనో తేడా వస్తే మీకంటే ముందు వాళ్ళే పసిగడతారు.